ముడుల తాడు

బొమ్మన్న ఎడమచేయి పాపన్న నడుం కింద దూర్చి, కుడిచేయి భుజం మీద వేసి, మోకాలు మంచం పట్టెకు ఆనించి పక్కకు తిప్పాడు. వీపు మీద పుండు నిన్నటికంటే పెద్దదైంది. వేపాకు కాచిన నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, అంచుల చుట్టూ తుడిచాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. పాపన్న, బొమ్మన్న భార్య రామాంజినమ్మకు తమ్ముడు. మెడ కింద ఒళ్ళు అతని మాట వినదు. రామాంజినమ్మ నడుము ఎప్పుడో పోయింది, ఆమె ఒక్కతీ తిప్పలేదు.

“ఈపొద్దు పందెమా బావా?” పాపన్న గోడను చూస్తూ అడిగాడు.

“ఊఁ.”

“తాడు తీసుకున్నావా?”

“తీసుకున్నా. నువ్వు సంగటి తిని పండుకో. మద్దేనానికి వచ్చి తిప్పుతా.”

అటక మీది తాడు దించి భుజాన వేసుకున్నాడు. ఒక కొసన గుండ్రాయి. రాయి నుంచి మొదలుపెట్టి మట్టు మట్టుకూ, అంటే మనిషి నిలువంత పొడుగుకు, ఒక ముడి. సంగటి తినకుండానే బయలుదేరాడు. నీళ్ళలో దిగే రోజు అతను ముద్ద ముట్టడు.

అది ఎనభై ఏడు ఆగస్టు పదిహేను. వానలు మొహం చాటేసి మూడో ఏడు. ఊళ్ళో నీళ్ళు మిగిలిన బావి మారన్నదొక్కటే. ఏటా జెండా పండగనాడు అందులోనే ఈత పందెం. ఎద్దులతో నీళ్ళు తోడే కపిల కాలం నాటి రాతి దిమ్మె మీంచి దూకి, ఈ గోడకూ ఆ గోడకూ పదిసార్లు ఈదాలి. గెలిచినవాడికి స్టీలు బిందె, మెడలో దండ. పక్కూరు మంగళవాడ నుంచి కూడా వచ్చి చూస్తారు. నిజానికి వాళ్ళు వచ్చేది ఈత చూడటానికి కాదు, ఆ దూకుడు చూడటానికి.

బొమ్మన్న ఆ బావి మీద ఇరవై ఏళ్ళు ఎద్దులతో కపిల తోలాడు. మోటారు వచ్చాక ఎద్దులతోపాటు అతని పనీ పోయింది. కూలికి పోతున్నాడు. పందెం రోజు మాత్రం లోతు చూసి చెప్పేది అతనే. తొమ్మిదేళ్ళ కిందట ముందు రోజు సాయంత్రమే తాడు వేసి చూశాడు. నాలుగు మట్లు. “దూకొచ్చు” అన్నాడు. రాత్రి కరెంటొచ్చింది, మోటారు తిరిగింది, తెల్లవారి ఎవరూ మళ్ళీ చూడలేదు. రెండేళ్ళు వరసగా బిందె గెలిచిన పాపన్న అందరికంటే ముందు దూకాడు. మెడ విరిగింది. రాత అన్నారు ఊళ్ళోవాళ్ళు. అనుకోవడానికేం, వాళ్ళ మెడలు బాగానే ఉన్నాయి. బొమ్మన్న మాత్రం ఆ మాట అనలేదు. అప్పటినుంచీ పందెం నాటి పొద్దున తప్ప తాడు వేయలేదు.

గట్టు మీద ఆరుగురు ఈతగాళ్ళు ఒంటికి నూనె రుద్దుకుంటున్నారు.

“కడుపునిండా తిన్నోడు దిగొద్దు. పిక్క పట్టేస్తే కొట్టుకులాడొద్దు, ఎల్లకిల తిరిగి నన్ను పిలవండి. గట్టు మీద మనిషి ల్యాకుండా ఎవురూ నీళ్ళల్లోకి పోవద్దు.”

“ఏటా ఇదే పాఠమా బొమ్మన్నా?” అన్నాడొకడు. మిగతావాళ్ళు నవ్వారు. అందరూ చొక్కాలు తగిలించుకుని బడి దగ్గరికి జెండా చూడటానికి వెళ్ళిపోయారు. మారన్న ఒక్కడూ మిగిలాడు. బావీ అతనిదే, పందెమూ అతనిదే.

బొమ్మన్న దిమ్మె మీంచి రాయి వదిలాడు. తాడు వదులైంది. పైకి లాగితే రెండో ముడిదాకా తడి.

“రెండే మట్లు మారన్నా. రాత్రి మోటారు ఏసినావా?”

“కరెంటొచ్చింది, ఏసినా. ఊడలు మట్టిలోకి దిగే టైములో శెనక్కాయచెట్టు ఎండిపోతాంటే చూస్తా కూచోమంటావా?”

“తప్పని అనలేదప్పా. పైనుంచి దూకొద్దంటాండా. మెట్లు దిగి నీళ్ళల్లోంచే మొదలుపెట్టుకోనీ.”

“జీపులో పెద్దమనుషులొస్తాండారు. మెట్లు దిగేదాన్ని పందెమంటారా? నీ రాయి యాడో గట్టుకు తగులుకోనుంటాది. నడిమికి పోయి చూడు.”

తొమ్మిదేళ్ళు మంచాన ఒకణ్ణి చూస్తూ కూడా ఊరికి ఒక తాడు మాట చాలలేదు. బొమ్మన్నకు నోరు చేసుకోవడం చేతకాదు. తాడును దిమ్మె మీదే వదిలి చొక్కా విప్పాడు.

“నువ్వు ఈడే ఉండు.”

“ఉంటాలే, పోప్పా.”

మెట్లు పాచిపట్టి ఉన్నాయి. నీళ్ళు చల్లగా, మట్టిరంగులో ఉన్నాయి. నడిమికి ఈది, ఊపిరి బిగబట్టి నిలువునా దిగాడు. కాళ్ళకు బురద తగిలింది. రెండే. తేలి చెప్పబోయేసరికి ఊరివైపు జీపు హారను వినిపించింది.

“మారన్నా, నడిమినా రెండే.”

గట్టు మీద ఎవరూ లేరు.

ఈది వచ్చి మెట్టు పట్టుకున్నాడు. పైకెక్కి రావాలి. ఆ నియమం అతను పెట్టిందే. కానీ దిమ్మె కింద సరిగ్గా దూకేచోట దిగి చూడలేదని మారన్న అంటాడు, అని దూకిస్తాడు. పాపన్న తల తగిలిందీ అక్కడే. బొమ్మన్న ఒకసారి పైకి చూసి మళ్ళీ మునిగాడు. మోటారు పీల్చిన చోట బురద మెత్తగా ఉంది. మోకాళ్ళ దాకా దిగబడ్డాడు.

బడి దగ్గర జెండా ఎగిరింది. ఉపన్యాసం గంటసేపు సాగింది. జనం వచ్చేసరికి నీళ్ళు కదలకుండా ఉన్నాయి, మెట్టు మీద చొక్కా ఉంది. ఆరుగురూ మెట్లు దిగి వెదికి పైకి తెచ్చారు. అప్పటికే ప్రాణం లేదు.

“నేను పొమ్మనలేదు, వాడే దిగినాడు” అన్నాడు మారన్న, ఎవరూ అడగకముందే. తర్వాత పందెం వచ్చే ఆదివారానికి మార్చామని జనానికి చెప్పాడు. లోతెంతని ఎవరూ అడగలేదు.

రామాంజినమ్మ ఏడుస్తూ బావి దగ్గరికి పరుగెత్తింది. ఇంట్లో పాపన్న గోడవైపే తిరిగి ఉన్నాడు. తలుపు నీడ గడప దాటింది. “బావా, మద్దేనమాయె” అన్నాడు. కాసేపాగి మళ్ళీ అన్నాడు.

దిమ్మె మీద తాడు పడి ఉంది. రెండో ముడిదాకా ఉన్న తడి ఎండకు ఆరిపోయింది.