అక్క పళ్ల సెట్టు

తమ్ముడి పని పళ్ల సెట్లు చేయడం. ఊళ్లో సగంమంది నవ్వు తన చేతి చలవేనని వాడి గొప్ప. అలాంటిది, ఏడాదిపాటు అతికినట్టు కూర్చున్న కింది సెట్టు ఎడమవైపు నొక్కుతోందని సొంత అక్కే అనేసరికి వాడికి తల కొట్టేసినట్టయింది.

నొక్కినచోట అరగదీసి ఇచ్చాడు. కొన్నాళ్లకే అక్క మళ్లీ వచ్చి, పెళ్లయ్యాక నీ పనితనం అటకెక్కిందిరా అని ఆటపట్టించింది. రోషం వచ్చి ఇంకాస్త అరగదీశాడు. మళ్లీ నొక్కుతోందంటే ఈసారి పంతం పట్టి, చిగుళ్ల అచ్చు కొత్తగా తీశాడు. ప్లాస్టర్ ఆరాక పాత అచ్చు పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. పళ్లు పోయిన చిగురు అరుగుతుందే గానీ పెరగదు. అక్క చిగురు మీద బుడిపె లేచింది. తప్పు సెట్టుది కాదు.

రెండేళ్ల కిందట అక్క కాలేయంలో క్యాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. మళ్లీ వస్తే ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో రావచ్చని అందరూ కనిపెట్టుకుని ఉన్నారు. నోటి సంగతి ఎవరికి తడుతుంది? ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరమ్మ, ఇది కాలేయం నుంచే దవడకు చేరిందని, ఇలా చేరడం బహు అరుదని చెప్పింది. జబ్బు పూర్తిగా పోదుగానీ, రేడియేషన్ ఇస్తే బుడిపె తగ్గి నొప్పి నెమ్మదిస్తుందంది. నా కాలేయానికి ఇంటిపట్టున ఉండే బుద్ధి లేదమ్మా అని అక్క ఆవిడను కూడా నవ్వించింది.

తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. అరగదీస్తూ చేతులారా నెల రోజులు పోగొట్టానన్న బాధ వాణ్ని తినేస్తోంది. ఆసుపత్రికి రోజూ తనే తీసుకెళ్లాడు గానీ, అక్క మొహంలోకి చూసి మాట్లాడితే ఒట్టు. రేడియేషన్‌కి లేచిన నోటి పుండ్లు మానాక డాక్టరమ్మ సరేనంటే, కొత్త సెట్టు చెయ్యమని అక్కే అడిగింది. బుడిపె ఇంకొంచెం తగ్గనీ అని వాడు నసిగాడు.

"అది తగ్గేదాకా నేనుండొద్దూ? ఉన్నదాన్నిబట్టి చెయ్యి. దానికీ కాస్త చోటు పెట్టు," అంది అక్క.

"నేను అరగదీస్తూ కూర్చోకపోయుంటే..." అంటూ వాడు పాత సెట్టు అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు అరగదీసింది సెట్టునిరా, నన్ను కాదు."

బుడిపె ఉన్నచోట లోపల పల్లం తీసి, సెట్టు చేశాడు. అక్క నోట్లో పెట్టి, ఎక్కడైనా నొక్కుతోందేమోనని వేలితో తడిమాడు. అక్క ఆ వేలిని మెల్లగా కొరికింది, చిన్నప్పుడు పోట్లాటల్లో కొరికినట్టే. నొప్పి ఇసుమంతైనా లేదు. అయినా వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు ఆగేదాకా అక్క వేలు వదల్లేదు.