తూటాలు దాచుకున్న హవల్దారు

అంకయ్య పట్టాళం నుంచి రిటైరై ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఎవరేం అడిగినా "సబ్ ఠీక్" అనే చెబుతాడు. కాన్సరు ఎముకల్లోకి పాకి, ఆర్.కె. పురంలో కూతురి క్వార్టర్లో మంచం పట్టినా ఆ మాట మారలేదు. వారానికోసారి ఇంటికొచ్చి చూసే నర్సు సరళకుమారి "నొప్పి పదిలో ఎంత అంకుల్?" అంటే "రెండు" అనేవాడు. ఆ రెండుకే పళ్లు బిగించుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

మంగళవారం నర్సు వచ్చే వేళకి భార్య పార్వతమ్మ ఆయన దిండు గలీబు మార్చబోయింది. అందులోంచి నొప్పికిచ్చిన మార్ఫిన్ మాత్రలు జలజలా రాలాయి. పదకొండు. నాలుగు గంటలకోసారి తను మొగుడి చేతిలో పెట్టినవే. తను మంచినీళ్లకి వెళ్లొచ్చేలోగా దాచేశాడన్నమాట.

"ఏందయ్యా ఇది?"

"అసలు దాడి ముందుంది పార్వతీ. తూటాలన్నీ ఇప్పుడే కాల్చేస్తే ఆ రోజు దేంతో కొట్టాలే?"

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న సరళ ఆ మాట విని నవ్వింది. "ఇది అయిపోయే సరుకు కాదంకుల్. నొప్పి పెరిగితే డాక్టరుగారు మోతాదు పెంచుతారు. నొప్పి ముదిరాక కాదు, రాకముందే టైముకి వేసుకోవాలి. ఆ పదకొండూ ఇటిచ్చేయండి ఆంటీ."

అంకయ్య గోడవైపు తిరిగాడు.

"ఇరవై నాలుగేళ్లు నువ్వు బోర్డరు మీద, నేను ఇంట్లో," అంది పార్వతమ్మ. "ఇప్పటికన్నా దొరికావనుకుంటే గోడకేసి తిరుగుతావు. మిగిలిన నాలుగు రోజులూ నీ వీపు చూస్తా కూచోమంటావా నన్ను?"

ఆయన నర్సు వైపు తిరిగాడు. "ఎనిమిదమ్మా. ఒక్కోసారి తొమ్మిది."

సరళ డాక్టరుతో ఫోనులో మాట్లాడి, పది గంటల మాత్ర దగ్గరుండి మింగించి వెళ్లింది.

ముప్పావుగంటకి అంకయ్య దవడ వదులైంది. ఇటు తిరిగి, "కాస్త దగ్గరికి జరుగు" అన్నాడు. ఆమె కాళ్లు రాస్తుంటే, ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతొకటి ఎత్తుకున్నాడు. కొత్తగా చేరిన ఏడాది మంచుకొండల్లో దారి తప్పి, గొర్రెల కాపరుల గుడిసె తలుపు కొట్టాడట.

"తలుపు తీసిందా, చేతిలో కొడవలి! ముసల్దే, ఇంతెత్తు మనిషి..." అంటూనే నిద్రపోయాడు.

ఆమె లేపలేదు. మధ్యాహ్నం రెండు కొట్టగానే మాత్రా నీళ్లూ పట్టుకుని భుజం తట్టింది.

"లేవయ్యా, ఇది మింగు. మింగి, ఆ ముసల్ది నిన్నేం చేసిందో చెప్పు."