లిఫ్టు ఆగిన చోట

ఆ భవనంలో లిఫ్టు, ఏ బొత్తాం నొక్కినా, మనిషి మనసు ఎటు లాగితే అటే వెళ్ళేది. అక్కడ అందరికీ అది అలవాటే. పళ్ళ డాక్టరు కోసం వచ్చినవాళ్ళు మారుమాట లేకుండా మెట్లెక్కేవారు.

నాలుగో అంతస్తులో మత్తుకు అలవాటుపడ్డ పిల్లలకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉండేది. ఆవిడ దగ్గరికి ఏ పిల్లలూ తమంతట తాము రారు, అమ్మానాన్నలు లాక్కొస్తారు. లిఫ్టు వాళ్ళని ఇంకెక్కడో దింపేది. అందుకని డాక్టరమ్మే మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి, పిల్లలు ఎక్కడ తేలితే అక్కడే కుర్చీ వేసుకునేది.

ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే పదో తరగతి పిల్ల, రెండో అంతస్తులో వడ్రంగి దుకాణంలో తేలింది. నిద్రమాత్రలతో మొదలుపెట్టి, స్నేహితురాలిచ్చే మత్తుబిళ్ళల దాకా వచ్చింది. తండ్రి దర్జీ. ఒక్క సూదితో మాన్పించెయ్యమని బతిమాలాడు. అలాంటి సూది మీ దుకాణంలో ఉంటే నాకూ ఒకటివ్వమంది డాక్టరమ్మ.

మొదట్లో ఇద్దరూ బిళ్ళల ఊసే ఎత్తలేదు. పిడుగు బల్లకాలికి గరుకుకాగితం పట్టేది, డాక్టరమ్మ రంపప్పొట్టుకి తుమ్మేది. మెల్లగా మాటలొచ్చాయి. పరీక్షలంటే గుండెదడట, కన్ను మూతపడదట. వైద్యం మొదలైంది. పిల్ల కడుపునిండా తింది, తమ్ముడితో పోట్లాడింది. ఇల్లంతా సంబరపడింది.

అంతలో మళ్ళీ మింగింది. తండ్రి మండిపడి, ఇక నా గడప తొక్కొద్దన్నాడు.

"జ్వరం తిరగబెడితే పిల్లని వెళ్ళగొడతామా అండీ?" అంది డాక్టరమ్మ. ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

ఒక మధ్యాహ్నం, బిళ్ళలతో వీధిలో నిలబడ్డానని స్నేహితురాలు కబురు పెట్టింది. పిడుగు వడ్రంగి దుకాణంలో చేతులు దులుపుకుని, లిఫ్టెక్కి కింది బొత్తాం నొక్కింది. ఒళ్ళంతా కిందికే పీకుతోంది. లిఫ్టు కాసేపు కదలకుండా ఉండి, పైకి బయల్దేరింది.

నాలుగో అంతస్తులో డాక్టరమ్మ అన్నం డబ్బా విప్పుతోంది.

"నేను కిందికే నొక్కాను," అంది పిడుగు గుమ్మంలోంచి.

"తెలుసు. రా, కూర్చో."

కూర్చుంది. "కిందికెళ్తే మింగేస్తాను. నాన్నని పిలవండి," అంది.

తండ్రి మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. లిఫ్టు ఆయన్ని ఎక్కడా ఆగకుండా తెచ్చింది. పిల్ల పక్కన కూర్చుని, "తిన్నావా అమ్మా?" అన్నాడు.

"లేదు నాన్నా."

డాక్టరమ్మ లేచి, ఇంకో రెండు పళ్ళేలు తెచ్చింది.