బల్లాడ్‌కి వాన రాలేదు

పొద్దున్నే స్టూడియోకి రాగానే ఇకుకో చేసే మొదటి పని రెయిన్‌కోట్లు దులపడం. ఒక్కోదాన్నీ తిరగేసి, బూజు పట్టిందేమోనని వాసన చూసేది. పాడే గది నేల మధ్యలో ఉన్న తూముకి చెత్త అడ్డం పడితే వేళ్లతో తీసేది. మైకుకి చిన్న గొడుగొకటి ఉండేది, బొమ్మల గొడుగంత. దాని ఊచలకి నూనె రాసేది. అదంతా అయ్యాక వీధి మలుపులో దుకాణానికి వెళ్లి, మధ్యలో పుల్లటి ఊమె కాయ పెట్టిన అన్నం ముద్దలు సయోరి కోసం కొనుక్కొచ్చేది.

సయోరి డాన్స్ పాటలు పాడే రోజుల్లో ఈ హంగామా ఏమీ అక్కర్లేదు. ఆ పిల్ల హాయిగా గెంతుతూ పాడేది, ఇంజనీరు నిత్తా బల్ల కింద కాలు ఆడిస్తూ మీటలు తిప్పేవాడు. చిక్కంతా బల్లాడ్లతోనే, అంటే నింపాదిగా సాగే విషాద గీతాలతోనే. సయోరి బల్లాడ్ అందుకుందంటే పాడే గదిలో వాన పడేది. మొదట కప్పులోంచి సన్నటి తుంపర, చరణానికి వచ్చేసరికి జల్లు. నిత్తా మీటల బల్ల మీద నీలం పట్టా కప్పి, తను కోటు తొడుక్కుని, పట్టా కింద చెయ్యి దూర్చి పని చేసుకునేవాడు. భవనం యజమాని కోరింది ఒక్కటే, కింది అంతస్తులో పళ్ల డాక్టరు మీద చుక్క పడకూడదని.

ఆ వాన డిస్కులోకీ ఎక్కేది. సయోరి ఆల్బం కొన్న ఇళ్లలో ఆడవాళ్లు డాన్స్ పాటలు వస్తున్నంతసేపూ గదిలో బట్టలు ఆరేసుకుని, బల్లాడ్ మొదలవుతోందనగా గబగబా తీసేసుకునేవాళ్లు. పాట అయ్యేసరికి కిటికీ అద్దాలకి చెమ్మ పట్టాలి. పట్టలేదా, డిస్కు నాసిరకమని దుకాణంలో తిరిగిచ్చేసేవాళ్లు. మరి డబ్బు పోసి కొన్నవాళ్లు ఊరుకుంటారా?

ఇంతకీ వాన ఊరికే రాదు. పాడేవాళ్ల గుండెలో నిజంగా దుఃఖం ఉంటేనే వస్తుంది. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు కంపెనీ పెద్ద ఇసోబె. మనిషి మహా మర్యాదస్తుడు. లిఫ్టు తుడిచే ఆవిడకి కూడా వంగి దణ్ణం పెట్టేవాడు. మొదటి ఆల్బం అప్పుడు సొంతూరు హచినోహెలో సయోరి అమ్మమ్మ పోయింది. పెంచింది ఆవిడే. ఆ కబురు రెండురోజులు దాచి, బల్లాడ్ రికార్డింగ్ నాడు మైకు ముందు నిలబెట్టి చెప్పాడు. చెప్పి, కన్నీళ్లు తుడుచుకుని, నిత్తాకి సైగ చేశాడు. ఆ పిల్ల దహనానికి కూడా వెళ్లలేదు. రెండో ఆల్బంకి ఆమె పెంచుకున్న కుక్కని ఎవరికో ఇచ్చేశారు. వాన దంచి కొట్టింది, ఆల్బం అమ్ముడుపోయింది.

అప్పుడు ఇకుకో ఏం చేసిందయ్యా అంటే, ఏమీ చెయ్యలేదు. తువ్వాలు పట్టుకుని నిలబడింది. పాట అయ్యాక పిల్ల తల తుడిచింది. అంతే.

ఇకుకో కూడా ఒకప్పుడు పాటగత్తె కావాలని వచ్చిందే. గొంతు మంచిదే కానీ మొహం చాలదన్నారు. సయోరికి మేనేజరుగా పెట్టి, ట్రాక్ పాడే పని కూడా అంటగట్టారు. అంటే ఏ పాటయినా ముందు ఇకుకో పాడి పెడితే, అది విని సయోరి నేర్చుకుని అసలు పాట పాడుతుంది. ఆ తర్వాత ఇకుకో గొంతు చెరిపేస్తారు. ఆమె పాడితే ఎప్పుడూ చుక్క కూడా రాలలేదు. దుఃఖపడటానికి ఆమెకి తీరికేది? పెళ్లీ పెటాకులూ లేవు, నా అన్నవాళ్లు లేరు. పదిహేనేళ్లప్పుడు ఊరి నుంచి వచ్చిన సయోరిని తన రెండు గదుల వాటాలోనే పెట్టుకుని పెంచింది. ఆ పిల్ల "అక్కా" అని పిలిస్తే ఆమెకి కడుపు నిండిపోయేది. ఈ లోకంలో ఆమెకి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే, దాన్ని పోగొట్టుకోవడమంటే ప్రాణం పోవడమే.

మూడో ఆల్బంకి డాన్స్ పాటలు అదిరిపోయాయి. బల్లాడ్ల దగ్గరికొచ్చేసరికి గది ఎండిపోయి ఉంది. సయోరి ఎంత పాడినా తేమ లేదు. పైగా పాట మధ్యలో నవ్వొచ్చేస్తోంది ఆమెకి.

ఇసోబె ఇకుకోని పక్కకి పిలిచాడు.

"ఆ పిల్ల సంతోషంగా ఉంది. దేనివల్లో నీకు తెలుసు."

ఇకుకోకి తెలుసు. స్టూడియో నడవాలో పానీయాల మిషనుంది, అందులో డబ్బాలు నింపడానికి మనబు అనే కుర్రాడు వస్తాడు. వేడి మొక్కజొన్న సూపు సయోరికి ఇష్టమని ఆ వరస ఎప్పుడూ ఖాళీ కానివ్వడు. ఆర్టిస్టులకి ప్రేమలు కూడదని ఒప్పందంలోనే ఉంది, ఫోను కూడా మేనేజరు దగ్గరే ఉండాలి. అయినా ఇకుకో పొద్దుటి పూట అరగంట చూసీ చూడనట్టు ఊరుకునేది. ఇద్దరూ మిషను పక్కన నిలబడి చెరో డబ్బా తాగేవాళ్లు. ఆ అరగంట సయోరి మొహం చూస్తే ఇకుకోకి తనకే ఎవరో దొరికినట్టుండేది.

"ఏమో, నాకేం తెలుస్తుంది ఇసోబె గారూ," అంది.

"తెలియకపోతే పోనీలే. ఆ పిల్లని వేరే మేనేజరుకి అప్పగిస్తాను, వాళ్లు కనుక్కుంటారు. పాపం నీకూ విశ్రాంతి కావాలి కదా." అని ఆయన వంగి దణ్ణం పెట్టాడు.

కత్తి ఎక్కడ పెట్టాలో తెలిసినవాడికి గట్టిగా పొడవాల్సిన పని లేదు. మర్నాడు ఇకుకో మనబు పనిచేసే కంపెనీకి ఫోను చేసింది. అబద్ధమాడలేదు, గొంతు పెంచలేదు. మీ మనిషి ఎంతో శ్రద్ధగా పనిచేస్తున్నాడు, చాలా సంతోషం, అయితే మా ఆర్టిస్టుకి కొంచెం ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఇలా అడుగుతున్నందుకు మన్నించాలి అంది. అక్కడివాళ్లకి ఆ మాత్రం చాలు. ఇంకో మాట అడగలేదు. సాయంత్రానికల్లా మనబుని వెంటబెట్టుకుని వాళ్ల అధికారి వచ్చాడు, క్షమాపణ కానుకగా పెద్ద దుకాణపు యోకాన్ మిఠాయి పెట్టె పట్టుకుని. ఇద్దరూ నడుం విరిగేలా వంగారు. మనబు తల ఎత్తలేదు. తను చేసిన తప్పేమిటో ఆ అమాయకుడికి తెలియదు, అడగడానికి మర్యాద అడ్డొచ్చింది. వారం తిరక్కుండా అతన్ని ఎక్కడో మంచు దేశం కుషిరోకి బదిలీ చేశారు.

మిఠాయి ఊరికే పోనివ్వకూడదు కదా. ఇకుకో దాన్ని ముక్కలు కోసి టీతో అందరికీ పంచింది. సయోరి కూడా ఒక ముక్క తింది. ఎర్ర చిక్కుడు ముద్ద బాగా ఉడికించారు, ఎవరు తెచ్చారక్కా అని అడిగింది. ఎవరో తెలిసినవాళ్లు అంది ఇకుకో. మనబు సయోరికి చేసిన ఫోన్లన్నీ ఇకుకో చేతిసంచీలోనే మోగి మోగి ఆగిపోయాయి.

మిషను దగ్గరికి కొత్తతను వచ్చాడు. సయోరి రోజూ వెళ్లి చూసి వచ్చేది. రానురాను మొహం కొయ్యబారిపోయింది.

"ఇక పాడించండి," అన్నాడు ఇసోబె. నిత్తా పట్టా కప్పాడు. అందరూ కోట్లు తొడుక్కుని కూర్చున్నారు.

సయోరి పాడింది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. వాన మాత్రం రాలేదు. మళ్లీ పాడించారు, మళ్లీ రాలేదు. పిండగా పిండగా ఆ పిల్లలో ఇక పిండటానికి ఏమీ మిగల్లేదు. రెయిన్‌కోట్లలో అందరికీ చెమటలు పడుతున్నాయి.

"నువ్వోసారి పాడి చూపించు ఇకుకో," అన్నాడు ఇసోబె విసుగ్గా. "ఎక్కడ సాగదియ్యాలో తెలుసుకుంటుంది."

ఇకుకో చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది. అద్దం అవతల సయోరి కుర్చీలో కూర్చుని ఉంది. పల్లవి సగంలో ఇకుకో చెంప మీద చుక్క పడింది. ఏమిటా అని పైకి చూసేలోగా రెండోది. అంతే, కప్పు తెగిపడ్డట్టు కురిసింది. చరణం వచ్చేసరికి మడమలు మునిగాయి, తూము మింగలేక గుడగుడలాడింది. పళ్ల డాక్టరు పైకి పరుగెత్తుకొచ్చాడు. ఇకుకో పాట ఆపేద్దామనుకుంది కానీ గొంతు ఆగలేదు. ఇసోబె అప్పటికే లేచి నిలబడి, ఆపకు, ఆపకు అని నిత్తాకి చేత్తో చూపిస్తున్నాడు.

పాట అయ్యాక ఇకుకో బయటికి వచ్చి నిలబడింది. జుట్టు మొహానికి అతుక్కుపోయింది. ఎవరూ తువ్వాలు ఇవ్వలేదు.

"ఏం చేశావక్కా?" అంది సయోరి నెమ్మదిగా.

వానలో తడిసిన మనిషి ఏ అబద్ధం ఆడుతుంది? ఫోను సంగతి చెప్పింది. మనబు వచ్చి వంగి వెళ్లిన సంగతి చెప్పింది. యోకాన్ సంగతి కూడా చెప్పింది. చివరిది చెప్పకపోయినా బాగుండేది. సయోరి పొట్ట పట్టుకుని నడవాలోకి వెళ్లిపోయింది.

ఆ ఆల్బంలో డాన్స్ పాటలు సయోరి గొంతుతోనూ, బల్లాడ్లు ఇకుకో గొంతుతోనూ వచ్చాయి. అట్ట మీద బొమ్మ, పేరు సయోరివే. వేదిక మీద సయోరి పెదవులు కదిపితే, తెర వెనక ఇకుకో తడుస్తూ పాడేది. ఎవరికీ అనుమానం రాలేదు. కిటికీ అద్దాలకి చెమ్మ పట్టిందా లేదా, జనానికి కావలసింది అదే. ఈసారి గోడలు కూడా చెమర్చాయట. దుకాణాల ముందు వరసలు కట్టారు.

సయోరికి దశ తిరిగింది. ఆమె ఏడవాల్సిన పని లేదు కాబట్టి ఇసోబె అన్నీ ఒప్పుకున్నాడు. కుక్క వచ్చింది, వేరే ఇల్లు వచ్చింది, ఫోను కూడా చేతికొచ్చింది. మొదట ఆ ఫోనుతో కుషిరోకే చేసింది. మనబు ఎంతో మర్యాదగా మాట్లాడి, జరిగిన ఇబ్బందికి మరోసారి క్షమాపణ చెప్పి, తనకి పెళ్లి కుదిరిందని చెప్పాడు. ఆ మాట ఆమె ఇకుకోకి చెప్పింది, కోపంగా కాదు, వార్త చదివినట్టు. ఆ రోజు ఇకుకో పాడిన పాటకి, కొత్తగా తవ్వించిన రెండో తూము కూడా చాలలేదు.

ఇంకో ఆల్బం మొదలైంది. ఇసోబె సయోరిని పిలిచి, మొహమాటపడుతూ ఒక చిన్న కోరిక కోరాడు. ఇకుకోతో మరీ మంచిగా ఉండొద్దు, ఆమె మనసు తేలికపడితే కష్టం అన్నాడు.

"మీరు చెప్పక్కర్లేదు," అంది సయోరి. "ఏ మనిషిని ఎలా చూసుకోవాలో అక్క దగ్గరే నేర్చుకున్నాను."

ఇకుకోకి దగ్గు పట్టుకుంది. తడి మనిషిని ఎన్నాళ్లని ఆరబెడతారు? డాక్టరు ఇక పాడొద్దన్నాడు. ఆమె మానలేదు. మానేస్తే స్టూడియోకి రావడం ఉండదు, సయోరిని చూడటం ఉండదు. ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట వినాలని ఆమె ఆశ. దాని కోసమే ఆ ఊపిరి నిలుస్తోంది.

ఒక పొద్దున రికార్డింగ్‌కి ముందు ఇద్దరే ఉన్నారు. ఇకుకో మోకాళ్లూని, నుదురు నేలకి ఆనించింది.

"నన్ను క్షమించానని ఒక్కసారి చెప్పవే. చెప్పి తర్వాత తిట్టుకో, కొట్టు, నీ ఇష్టం."

సయోరి ఆమెని భుజాలు పట్టుకుని లేవదీసింది. చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది. ఆ చేతుల్లో ఎంత నెమ్మది ఉందంటే ఇకుకోకి ఆశ పుట్టింది.

"నేను చెప్పానే అనుకో అక్కా, ఈ వాన ఆగిపోతుంది," అంది సయోరి. "ఆల్బం అవనీ. అయ్యాక చెప్తాలే."

పోయిన ఆల్బం అప్పుడు కూడా ఇదే మాట అంది. ఇకుకో తలూపి, గోడ పట్టుకుని పాడే గదిలోకి వెళ్లింది. ఆమె నోరు విప్పకముందే వాన మొదలైంది.