గండికోట అంచున నా సంతకం

తెల్లారకముందే లేచి ఎనిమిది మందికి చిత్రాన్నం కలిపి డబ్బాలు కట్టాను. ప్రొద్దుటూరు దాటగానే మా ఆయన రాజశేఖర్ కారు ముందు సీట్లోంచి ప్రకటించాడు. "ప్రత్యూష సోమవారం నుంచి డ్యూటీకి పోదు. బెల్టులు బిగించేది కూడా ఒక ఉద్యోగమేనా?" మా అత్త గోవిందమ్మ "ఇంట్లో పనే తెమలడంలే" అని వంత పాడింది. నన్నెవరూ అడగలేదు.

సిమెంటు ఫ్యాక్టరీలో సేఫ్టీ సెక్షన్ నాది. ఎత్తులో పనిచేసే ప్రతి మనిషి బెల్టూ నేను లాగి చూసి సంతకం పెడితేనే నిచ్చెన మీద కాలు పెడతాడు. ఆరేళ్లలో ఒక్కరూ పడలేదు. ఇంట్లో మాత్రం నా మాటకు పూచికపుల్ల విలువ లేదు. పోయినేడు బోటు షికారులో, ఫోటో బాగుండదని నా లైఫ్ జాకెట్ విప్పించాడీయన. నేను వణుకుతుంటే వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. ఏడాదిగా ఆ నవ్వులు నా చెవుల్లోనే ఉన్నాయి.

గండికోట చేరాం. జనాన్ని లోయలోకి తాడుతో దించే హఫీజాది ఒక పద్ధతి. బెల్టు తను చూశాక, వెంట వచ్చినవాళ్లలో ఒకరు మళ్లీ చూసి సంతకం పెట్టాలి. ఆమె అటు తిరగ్గానే, మొదట దిగబోయే రాజశేఖర్ బిగుతుగా ఉందని తొడ పట్టీ వదులు చేసుకున్నాడు. నోట్లో సోంపు, దాని కింద బీరు వాసన. మరిది వివేక్ వీడియో తీస్తున్నాడు.

"పెట్టు తొందరగా" అని రాజశేఖర్ కాగితం నా మీదికి విసిరాడు.

నిజం చెబుతున్నా, పెట్టేద్దామనిపించింది. జారి, తాడును కరుచుకుని, అమ్మా అని అరిచే ఈ మనిషిని కళ్లారా చూడాలనిపించింది. కానీ చచ్చినవాడు సిగ్గుపడలేడు. నాకు అతని సిగ్గు కావాలి.

"పెట్టను" అన్నాను, అంచున ఉన్న జనమంతా తిరిగి చూసేట్టు. "హఫీజమ్మా, ఈయన కారు ఎనక నిలబడి బీరు తాగినాడు. నువ్వు చూసినాక పట్టీ వదులు చేసుకున్నాడు. దిగేదానికి పనికిరాడు."

హఫీజా దగ్గరికొచ్చి వాసన చూసి, బెల్టు విప్పింది.

"ఏందే, అందరి ముందర పరువు తీస్తాండావా? ఇంటికి పా, చెప్తా!"

"అన్నా, గొంతు తగ్గించు. ఆయమ్మ నీ పానం కాపాడింది" అంది హఫీజా. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజశేఖర్ చెవులు ఎర్రబడ్డాయి. నా కడుపు చల్లబడింది.

వివేక్ ఫోను దించబోయాడు.

"ఆపొద్దప్పా. పోయినేడు నా వీడియో పెట్టిన గ్రూపులోనే పెట్టు."

అదే బెల్టు నేను కట్టుకున్నాను. హఫీజా చూశాక, డిగ్రీ చదివే మా అమ్మాయి వర్షిత నేను నేర్పినట్టే ఒక్కో పట్టీ లాగి చూసి సంతకం పెట్టింది. డబ్బాల సంచి తీసి రాజశేఖర్ చేతుల్లో పెట్టాను.

"అందరికీ వడ్డించు. సోమవారం నా క్యారియర్ కూడా నువ్వే కట్టాల. ఏడింటికి డ్యూటీ నాకు."

లోయకు వీపు పెట్టి, అతని మొహమే చూస్తూ, దిగాను.