మస్తానమ్మ అడిగిన మాట

"పనిమనిషి వద్దని నేనన్లేదు గదా. ముందు ఆ మనిషి ఎట్టాంటిదో విచారించమంటున్నా," అన్నాడు తిమోతి, తాగిన కాఫీగ్లాసు కింద పెడుతూ.

గ్లాసు తీసుకుని జయశీల పెరట్లోకి నడిచింది. ఆ మాత్రం ఒప్పుకోవడానికే ఆయనకు రెండేళ్లు పట్టింది. చీకటితో లేచి నీళ్లు తోడడం, పొయ్యి రాజేయడం, ఆడపిల్లలిద్దరికీ జడలు వేయడం, తాలూకాఫీసుకు పోయే ఆయనకు క్యారియర్ సర్దడం, ఆపైన తాను బడికి పరుగెత్తడం. సాయంత్రం పాఠాలు చెప్పి గొంతు పోయి ఇంటికొస్తే, ఎండి అట్టలు కట్టిన అంట్లు ఎదురుచూస్తుండేవి. నడుం పట్టేసి ఒక ఆదివారం ఆరాధనకు లేవలేకపోతే, "మా అమ్మ ఏడుగుర్ని పెంచింది, ఏ పనిమనిషిని పెట్టుకునింది?" అన్నాడు. చెడ్డవాడు కాదు తిమోతి. తాగడు, చెయ్యెత్తడు. పుట్టింట్లో ఎవరైనా అడిగితే ఆమె అంతవరకే చెప్పేది.

పని అడుగుతూ వచ్చిన మనిషి మస్తానమ్మ. ముప్పై దాటి ఉంటాయి. బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లున్న పద్మనాభయ్యగారింట్లో చాన్నాళ్లు పనిచేసి, మానేసి, నెల్లూరులో ఉన్న అక్క దగ్గరికి చేరింది. ఎందుకు మానేశావంటే, "ఊరు మారినానమ్మా," అని తల వంచుకుంది.

శనివారం జయశీల బస్సెక్కి బుచ్చిరెడ్డిపాలెం వెళ్లింది. పద్మనాభయ్య వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మర్యాదగా కుర్చీ వేయించాడు.

"పని బాగానే చేసేది. వెండిగిన్నె పోయింది. పోలీసుల దాకా ఎందుకులే, ఆడమనిషి గదా అని వదిలేసినా," అని, గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగి, "చెప్పవే," అన్నాడు.

"పోయింది," అంది వెంకటశేషమ్మ.

సాగనంపే నెపంతో ఆమె జయశీలను పెరటి దారిన తీసుకుపోయింది. గడ్డివాము చాటుకు రాగానే ఆగి, చెయ్యి పట్టుకుంది.

"గిన్నె ఇంట్లోనే ఉంది తల్లీ. మద్దేనం నేను కునుకు తీసేటప్పుడు ఈయన దాన్ని గదిలోకి పిలిచినాడు. అది రానని కేకేసింది. నేను లేచి చూసినా. ఆ పూటే దాన్ని బస్సెక్కించింది నేనే. గిన్నె మాట ఈయన తర్వాత పుట్టించినాడు."

"మీరూ పోయిందన్నారే అక్కా."

"అనకపోతే ఈ వయసులో నేను యాడికి పోవాల?" ఆమె కళ్లు తుడుచుకోలేదు. "మా ఆయన అట్టాంటోడు కాదని ఊరందరికీ చెప్పుకున్నదాన్ని. దానిక్కూడా చెప్పి పనిలో పెట్టుకున్నా. నా పేరు మటుకు యాడా ఎత్తొద్దు."

బస్సులో జయశీలకు కిటికీ పక్కన చోటు దొరికింది. పచ్చటి వరిచేలు వెనక్కి పోతున్నా ఆమెకు కనబడలేదు. ఇన్నాళ్లూ తాను పనిమనిషి చేతివాటం గురించి, శుభ్రం గురించి, రోగాల గురించి ఆలోచించింది. ఆ మనిషి చేరబోయే ఇల్లు ఎట్లాంటిదో ఎవరూ అడగరే అనిపించింది.

ఇంట్లో అడుగు పెట్టగానే తిమోతి అడిగాడు. "ఏమన్నారు?"

"నాకు నమ్మకం కుదిరింది. పెట్టుకుంటున్నా," అంది. ఆయన వింతగా చూశాడు.

ఆదివారం సాయంత్రం మస్తానమ్మ వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చుంది.

"మీ పాత ఇంటికి పొయ్యొచ్చినాను," అంది జయశీల.

మస్తానమ్మ వెంటనే లేచింది. "అయితే నేను పోతానమ్మా."

"కూర్చో. గిన్నె నువ్వు తియ్యలేదని నాకు తెలుసు."

మస్తానమ్మ కూర్చోలేదు. ద్వారబంధం పట్టుకుని ముందుగది వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు బడికి పోయినాక అయ్య ఇంట్లో ఉంటాడామ్మా?" అంది.

ముందుగదిలో తిమోతి తిప్పుతున్న పేపరు చప్పుడు ఆగిపోయింది.

మా ఆయన అట్టాంటోడు కాదు అన్న మాట జయశీల నాలిక చివరిదాకా వచ్చింది. అది అబద్ధమని ఆమె అనుకోలేదు. కానీ ఆ నమ్మకం తనది. అది తప్పితే నష్టపోయేది మస్తానమ్మ.

"ఒక గంట ఉంటారు," అంది. "అందుకని నువ్వు తెల్లారే రా. నేను బడికి బయలుదేరే వేళకు నువ్వూ బయలుదేరు. సాయంత్రం నేనొచ్చినాకే మళ్లీ రా."

మస్తానమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "సరేనమ్మా. అట్టయితే చేస్తా," అని వెళ్లిపోయింది.

తిమోతి గుమ్మంలోకి వచ్చాడు. ముఖం కందిపోయి ఉంది. "పనిమనిషి ముందర నన్ను ఇంత మాట అంటావా జయా?"

"మిమ్మల్ని ఏమీ అన్లేదండీ. మీ తరఫున నేను మాటివ్వలేదు, అంతే."

ఆయన విసురుగా ఏదో అనబోయాడు. ఆమె చూపు దించుకోలేదు. ఆయన గోడకు ఆనుకున్నాడు. గొంతు మారి, "ఆ మనిషి అంత మాట అడిగిందంటే ఏదో జరిగే ఉంటుంది... ఆడమనిషి ఇంట్లో ఎన్ని పడుతుందో చెప్పు జయా," అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన అట్లా అడగడం అదే మొదలు. జయశీల పొయ్యి మీది అన్నం దించి, ఆయనకొక పీట, తనకొక పీట వేసింది. మస్తానమ్మ సంగతి ఎత్తలేదు. తన పెళ్లయిన మర్నాటి తెల్లవారుజాము నుంచి చెప్పడం మొదలుపెట్టింది.