మూడుసార్లు పిలిచిన పాట

సినిమా సంగీతమంటే సరస్వతీదేవి వచ్చి ఒళ్లో కూర్చుంటుందని అనుకునేవాళ్లకు ఓబులేసు ఫోనులోని వాయిస్ మెసేజులు వినిపించాలి. భ్రమ అక్కడికక్కడే వదిలిపోతుంది. "బ్రో, ట్యూన్ బాగుంది, కానీ బాలేదు." "బ్రో, ఇందులో కొంచెం రక్తం కలుపు." "బ్రో, మొన్న హిట్టయిన ఆ పాటలాగే ఉండాలి, ఆ పాటలా మాత్రం ఉండకూడదు." అన్నీ డైరెక్టరు పంపినవే. ఆయన సముద్రం పక్కన పుట్టినవాడు. రాయలసీమలో జనం పొద్దున లేచి పళ్లు తోముకునేది కూడా కొడవళ్లతోనేనని ఆయన గట్టి నమ్మకం.

ఓబులేసుది బద్వేలు. తండ్రి మగ్గం నేసేవాడు. కొడుకు కీబోర్డు పట్టుకుని హైదరాబాదు చేరి, పదకొండేళ్లు ఇంకొకరి పేరు కింద పాటలు కట్టాడు. పెద్ద సంగీత దర్శకుడొకాయన కారెక్కుతూ "తన్నననా" అని ఒక ముక్క కూనిరాగం తీసి వెళ్లిపోయేవాడు. మిగతా పాటంతా ఓబులేసు చేసేవాడు. తెర మీద పేరు మాత్రం పెద్దాయనదే పడేది. ఒక సినిమాలో ఆ పెద్దాయన కుక్కకు కూడా కృతజ్ఞతలు వేశారు. ఓబులేసుకు వెయ్యలేదు. ఆ రోజు థియేటరు బయట నిలబడి అతను ఏడ్చాడు, ఆ తర్వాత కుక్కను తిట్టాడు.

అలాంటివాడికి ఆలూరు గోపన్న దేవుడిలా దొరికాడు. పత్తి వ్యాపారం, రోడ్ల కాంట్రాక్టులు చేసి బాగా పైకొచ్చిన మనిషి. కొడుకు శామ్‌ను హీరోగా పెట్టి సినిమా తీస్తున్నాడు. శామ్‌కు నటన రాదు, డాన్సు రాదు, జుట్టు మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. గోపన్న మొదటి రోజే మాటిచ్చాడు. "పోస్టరు మీద సంగీతం అని ఏసి, కింద నీ పేరే ఏపిస్తాప్పా. మన సీమోడివి నువ్వు." ఓబులేసుకు కావలసింది ఆ ఒక్క ముక్కే. దానికోసం డైరెక్టరు కాళ్లు కాదు, ఆయన చెప్పులు పట్టుకోవడానికైనా సిద్ధపడ్డాడు.

హీరో మొదటిసారి కనిపించే పాట దగ్గర బండి ఆగిపోయింది. పదిహేడు ట్యూన్లు తిప్పికొట్టాడు డైరెక్టరు. చివరికి గోపన్నే, "మా ఊరి తప్పెట్లు పెట్టండప్పా, ఎట్ల పలకదో సూస్తాం" అన్నాడు. ఆలూరు మార్కెట్ యార్డులో ఖాళీగా ఉన్న వేరుశనగ బుడ్డల గోడౌనులో మైకులు పెట్టారు. బుడ్డల పొట్టు తుడిచి, గోడలకు దుప్పట్లు కట్టారు. తప్పెట వాయించడానికి అయ్యన్న వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో పెండ్లయినా, జాతరయినా, చావయినా ఆయన చేతి దెబ్బ పడకుండా జరగదు.

అయ్యన్న పెండ్లి దెబ్బ వాయిస్తే డైరెక్టరు "క్యూట్‌గా ఉంది" అని పెదవి విరిచాడు. జాతర దెబ్బ వాయిస్తే "భక్తి ఎక్కువైంది" అన్నాడు. మధ్యాహ్నమైంది. రేకుల కింద గోడౌను పెనంలా కాలుతోంది. ఓబులేసుకు ఒళ్లు మండిపోయింది.

"అయ్యన్నా, సావుదెబ్బ కొట్టు," అన్నాడు.

"ఏందప్పా ఆ మాట? బతికుండే పిల్లోని పాటకు సావుదెబ్బనా?"

"ఈయప్ప నోరు మూయించాల. ఒక్కసారి కొట్టన్నా."

అయ్యన్న మనసొప్పకుండానే కొట్టాడు. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. చేతిమీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు అందరికీ తిప్పి చూపించాడు. "ఇదీ! ఇదీ బ్రో సీమంటే! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?" అక్కడితో ఆగినా బాగుండేది. ఆయనలోని కళాకారుడు నిద్రలేచాడు. "ఇప్పుడు విను. మధ్యలో తప్పెట ఠక్కున ఆపేయాలి. అంతా నిశ్శబ్దం. అక్కడ హీరో పేరు మూడుసార్లు పిలవాలి. శామ్! శామ్! శామ్! మూడోదానికి మనవాడు లేచి నిలబడతాడు!"

అయ్యన్న చేతిలోని పుల్ల కిందపడింది.

శవయాత్రలో పాడెను మోసుకుపోతూ దారిలో ఒకచోట దింపుతారు. తప్పెట ఆపుతారు. అయినవాళ్లు వంగి, చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతాడని చివరి ఆశ. దింపుడు కళ్లం అంటారు. డైరెక్టరుకు ఆ సంగతి తట్టలేదు పాపం. తెలియకుండానే తన హీరోను పాడె మీద పడుకోబెట్టి, కళ్లం దాకా మోయించాడు.

"చెప్పప్పా, ఇప్పుడే చెప్పు," అని గొణిగాడు అయ్యన్న.

చెప్పాలి. ఓబులేసుకూ తెలుసు. చెబితే పద్దెనిమిదో ట్యూను కట్టాలి, లేదంటే కొత్త సంగీత దర్శకుడొస్తాడు. "హైదరాబాదులో ఎవురికి తెలుస్తాదిలే, నేను సూసుకుంటా," అన్నాడు. పాట కింద కీబోర్డు మీద నాలుగు స్వరాలు పరిచి, అదే తన సంగీతమని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

అయితే గోపన్న పాట విడుదల హైదరాబాదు హోటల్లో కాక ఆలూరు మార్కెట్ యార్డులోనే పెట్టాడు. పొద్దున పదకొండింటికి. మూడు మండలాల జనం వచ్చారు. ముందు వరుస సోఫాలో గోపన్న తల్లి రామలక్ష్మమ్మ కూర్చుంది. వేదిక పక్కన అయ్యన్న ఇస్త్రీ మడతలు పోని కొత్త తెల్లచొక్కాలో నిలబడ్డాడు. శామ్ వెనక వ్యానులో జుట్టు సరిచేసుకుంటున్నాడు. మూడో పిలుపుకు వేదిక మీదికి దూకాలని ఏర్పాటు.

పాట మొదలైంది. తప్పెట పడగానే కుర్చీల్లో మగవాళ్లు ఒక్కొక్కరే లేచారు. భుజాల మీది తువ్వాళ్లు చేతుల్లోకి వచ్చాయి. రోడ్డవతల కిరాణా అంగడివాడు షట్టరు సగానికి దించాడు. ఎవరూ ఆలోచించి చేసింది కాదు, దారిన శవం పోతుంటే చేసే అలవాటుకొద్దీ ఒళ్లే చేసేసింది.

"స్టాండింగ్ ఒవేషన్ బ్రో!" అన్నాడు డైరెక్టరు, కళ్లు తుడుచుకుంటూ. ఓబులేసు యార్డు గేటు ఎటుందో చూసుకున్నాడు.

తప్పెట ఆగింది. స్పీకర్లలోంచి "శామ్!" అని వినిపించింది. మళ్లీ "శామ్!" మూడోసారి "శామ్!" ఎవరూ రాలేదు. వ్యాను తలుపు బిగుసుకుపోయిందని తర్వాత తెలిసింది.

"నా బంగారూ! శామూ!" అని రామలక్ష్మమ్మ పెట్టిన కేకకు మైకులు కూడా కీచుమన్నాయి.

అప్పటిదాకా పాట వినని గోపన్న మైకు లాక్కున్నాడు. ముఖం నల్లబడిపోయింది. "నా కొడుకు బతికుండంగానే సావుదెబ్బ కొట్టిస్తారా? ఎవుని పని ఇది?" డైరెక్టరు వేలు క్షణం ఆలస్యం చేయకుండా ఓబులేసు వైపు తిరిగింది.

ఓబులేసు నోట్లోంచి మాట గబుక్కున జారింది. "నాకేం తెలీదన్నా. పాటంతా అయ్యన్నదే. ఆయన కొట్టిందే పెట్టినా."

జనం అయ్యన్న మీదికి తిరిగారు. ఎవరో ఆయన కొత్త చొక్కా కాలరు పట్టుకున్నారు. అయ్యన్న కాదనలేదు. ఓబులేసు వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. ఓబులేసుకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. అయినా జనం వెనక్కే జరిగాడు.

అంతలో వేదిక వెనకనుంచి సగం దువ్విన జుట్టుతో శామ్ తొంగిచూశాడు. "ఏమవ్వా, పిలిస్తివా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత యార్డు దద్దరిల్లింది. ఈలలు, కేకలు, పైకెగిరిన తువ్వాళ్లు. రామలక్ష్మమ్మ మెట్లెక్కి మనవడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "పలికినాడు! కళ్లంకాడ పిలిస్తే పలికినాడురా! నా మనవనికుండే గండమంతా ఈ దెబ్బతో పాయ! ఇంగ వాడు నూరేండ్లు బతుకుతాడు. మళ్లీ పెట్టండి పాట!"

పాట నాలుగుసార్లు వేశారు. ప్రతిసారీ జనం మూడో పిలుపుకు "ఓ" అని పలికారు. మూడుసార్లు పిలవడం తన ఆలోచనేనని డైరెక్టరు దొరికినవాడికల్లా చెప్పుకున్నాడు. గోపన్న అయ్యన్నను కౌగిలించుకుని వేదిక మీదికి తెచ్చాడు. "పోస్టరు మీద సంగీతం అయ్యన్న అని ఏస్తాం. ఆలూరు అయ్యన్న! ఏమప్పా ఓబులేసూ, పాటంతా ఆయనదేనని నువ్వే చెప్తివి గదా?"

మైకు ఓబులేసు మూతి దగ్గరికి వచ్చింది. పదకొండేళ్లు కళ్లముందు తిరిగాయి, కుక్కతో సహా. తప్పెట కింద తను పరిచిన నాలుగు స్వరాలు ఈ నాలుగుసార్లలో తనకే వినిపించలేదు.

అయ్యన్న దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "నీదని చెప్పుకోప్పా. నేనేమీ అనను."

అయ్యన్న తిట్టినా ఓబులేసు భరించగలిగేవాడు. ఇందాక నోటినుంచి సులువుగా జారిన మాటే ఇప్పుడు బయటికి రానని మొరాయించింది. రెండుసార్లు దగ్గాడు.

"ఆయనదేనన్నా," అన్నాడు ఓబులేసు. అని, జనంతో పాటు తనూ చప్పట్లు కొట్టాడు.